జమ్ము పొదల్లో చిన్న పిట్టలు: ఒక చలికాలపు ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు చివరి వారం

మడుగు చుట్టూ పెరిగిన జమ్ము, కిక్కిస పొదల్లో చలికాలమంతా ఏ చిన్న పిట్టలు ఉంటున్నాయి, ఏది ఏ భాగాన్ని వాడుకుంటోంది? ఈ సీజన్‌లో నేను తేల్చుకోవాలనుకున్నది ఇదే. నోట్‌బుక్‌లో "రీడ్ వార్బ్లర్" అని ఒక ముక్క రాసేసి ముందుకు పోవడం తేలికే. కానీ ఆ ఒక్క ముక్క కింద కనీసం మూడు నాలుగు జాతులు దాక్కుంటాయి. అన్నీ పైన గోధుమరంగు, కింద లేత రంగు. పొడవు పది నుంచి ఇరవై సెంటీమీటర్ల లోపే. పొదలోంచి బయటికి రావు, వచ్చినా రెండు సెకన్లు కనబడి మళ్లీ లోపలికి పోతాయి.

ఈకల రంగుతోనే వీటిని పట్టుకోవాలని చూస్తే ఎవరికైనా విసుగొస్తుంది. నా అంచనా వేరు. ముందు పొదను చదవాలి. నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయి, కాడలు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎండువి ఎన్ని, పచ్చివి ఎన్ని అన్నది తెలిస్తే పిట్ట పేరు సగం తెలిసినట్టే. మిగతా సగం చెవితో తేలాలి. కళ్లకు మూడో స్థానం. ఈ అంచనా ఎంతవరకు నిలుస్తుందో చలికాలం ముగిసేసరికి తెలియాలి.

అక్టోబరు మొదటి సగం: కర్రలు, పటం

మొదటి పని పటం గీయడం. మడుగును పై నుంచి చూసినట్టు ఒక కాగితం మీద గీసి నాలుగు పట్టీలుగా విడదీశాను. గట్టు మీద తుమ్మ, చిన్నచిన్న ముళ్ల పొదలు ఒకటి. గట్టు దిగాక తుంగ, పొట్టి గడ్డి, కాలు పెడితే తడి తగిలే నేల రెండోది. మోకాలి లోతు నీళ్లలో జమ్ము మూడోది. దాని వెనక, నీళ్లు లోతైన చోట కిక్కిస నాలుగోది.

జమ్మునూ కిక్కిసనూ కలిపి "రెల్లు" అనేసేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, పిట్టలకు ఇవి రెండు వేరు వేరు ఇళ్లు. జమ్ము ఆకు బల్లపరుపుగా, మెత్తగా ఉంటుంది. కాడకు కణుపులు ఉండవు, ఎండితే వంగి చాప పరిచినట్టు పడిపోతుంది. కిక్కిస కాడ గుండ్రంగా, లోపల బోలుగా, కణుపులతో ఉంటుంది. మూడు నాలుగు మీటర్లు లేస్తుంది, ఎండిన తర్వాత కూడా నెలల తరబడి నిటారుగా నిలబడుతుంది. నిలువు కాడను పట్టుకుని పక్కకు వాలి కూర్చోవాలంటే గట్టి కాళ్లు, పొడవైన గోళ్లు కావాలి. రీడ్ వార్బ్లర్లకు అవి ఉన్నాయి. ఒక కాలు ఒక కాడ మీద, ఇంకో కాలు పక్క కాడ మీద పెట్టి అవి నిలబడే తీరు చూస్తే, ఆ శరీరం ఈ మొక్క కోసమే తయారైందని అర్థమవుతుంది.

రెండో పని ఎత్తు కర్రలు. పిట్ట నీటికి ఎంత ఎత్తులో కూర్చుందో కంటితో అంచనా వేస్తే నమ్మడానికి లేదు. బైనాక్యులర్స్‌లో దూరం కుదించుకుపోతుంది, ఎత్తు కూడా దానితో పాటే మోసం చేస్తుంది. అందుకే వెదురు కర్రలకు అర మీటరుకు ఒక రంగు పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు వేసి, మడుగులోని ఒక్కో పట్టీలో ఒక్కో కర్రను బురదలో దిగేశాను. కింది భాగంలో పది సెంటీమీటర్లకు ఒక గీత పెట్టాను, నీటిమట్టం చదవడానికి. ఇక పిట్ట కనబడగానే "జమ్ము, కర్ర మీద రెండో పట్టీ, నీటి మీద" అని ఒక్క లైన్ రాస్తే చాలు.

కర్రలు పాతడానికి మధ్యాహ్నం వేళ ఎంచుకున్నాను, అప్పుడు పిట్టల సందడి తక్కువ. లోపలికి దారి కొట్టలేదు. తొక్కిన జమ్ము లేవదు, ఆ దారి కాకులకూ ముంగిసలకూ పనికొస్తుంది. కర్రలన్నీ అంచు నుంచి చేయి చాచి దింపగలిగిన చోటే ఉన్నాయి. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఈ ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా తీసుకోవాలి.

అక్టోబరు చివర: రికార్డర్

ఆడియోమాత్ అనే చిన్న రికార్డర్ పెట్టాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, మూడు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, టైమ్ పెట్టి వదిలేయవచ్చు. తెల్లవారడానికి అరగంట ముందు మొదలై ఎండ ఎక్కేదాకా, మళ్లీ సాయంత్రం చీకటి పడేదాకా రికార్డు చేసేలా పెట్టాను.

సెట్టింగుల గురించి రాసుకోవాలి, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది. శాంప్లింగ్ రేటు, అంటే రికార్డర్ శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్నది, సెకనుకు 48,000. అంటే 24 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దం అందుతుంది. ఈ పిట్టల అరుపులకు అది ఎక్కువే, కానీ చిన్న "చెక్" శబ్దాల పై భాగం తెగిపోకుండా ఉండాలంటే ఆ మాత్రం కావాలి. 16 బిట్, మోనోలో గంటకు దాదాపు 345 ఎంబీ పడుతుంది. కార్డు సైజు, బ్యాటరీ రెండూ చూసుకుని గంటలు పెట్టుకోవాలి.

అసలు శత్రువు గాలి. పొదలో గాలి వీస్తే ఆకు మీద ఆకు గీసుకుని ఒకటే గరగర. కిక్కిస మధ్యలో పెట్టి చూస్తే ఆ గరగరలో పిట్ట గొంతు మునిగిపోయింది. జమ్ముకూ కిక్కిసకూ మధ్య నీటి ఖాళీలో, ఏ ఆకూ తగలని చోట, కర్రకు కట్టాక స్పష్టంగా వచ్చింది. మైక్ ముందు పలుచని ఫోమ్, డబ్బాలో సిలికా జెల్ పొట్లం. పొద్దున్నే మంచు కురిసే రోజుల్లో ఈ పొట్లం లేకపోతే రికార్డర్ లోపల తేమ పట్టేస్తుంది. ఒక కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా వినేటప్పుడు ఫిల్టర్ చేసేస్తున్నాను. గాలి రొద ఎక్కువగా అక్కడే ఉంటుంది, మనకు కావలసిన పిట్టల గొంతు దాదాపు అంతా దాని పైనే ఉంటుంది.

నవంబరు: "చెక్" అనే ఒక్క శబ్దం

ఈ నెలంతా దీనికే పోయింది, పోవడం సబబే. చలికాలంలో ఈ పిట్టలు పాడేది తక్కువ. వినిపించేది ఒక పొడి అరుపు. చెక్, చాక్, టక్, చిక్. నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. పుస్తకాల్లో అక్షరాలు చదివి నేర్చుకోవడం కుదరని పని ఇది. బొమ్మగా చూడాలి.

శబ్దాన్ని బొమ్మగా (స్పెక్ట్రోగ్రామ్‌గా) మార్చేటప్పుడు విండో సైజు, అంటే ఒక్కోసారి ఎంత శబ్దాన్ని కలిపి లెక్కిస్తామన్నది, చాలా ముఖ్యం. మామూలుగా 1024 శాంపిళ్లు పెడతారు. 48,000 రేటులో అది 21 మిల్లీసెకన్లకు పైనే. "చెక్" అనే శబ్దం అంతలో అయిపోతుంది. బొమ్మలో ఒక మసక మచ్చ మిగులుతుంది, అంతే. విండోను 256కి తగ్గిస్తే ఐదు మిల్లీసెకన్ల పైచిలుకు. స్వరం ఎత్తు కొంచెం మొద్దుబారుతుంది గానీ, శబ్దం ఎలా మొదలైంది, ఒక దెబ్బా రెండు దెబ్బలా అన్నది తేటగా కనబడుతుంది. పాటకు పెద్ద విండో, అరుపుకు చిన్న విండో. ఇది మార్చాక నెల మొదట్లో వినలేక పక్కన పెట్టిన క్లిప్పులన్నీ మళ్లీ తీశాను.

ఇప్పటికి నా చెవికి తేలినవి ఇవి. క్లామరస్ రీడ్ వార్బ్లర్ అరుపు లావుగా, గట్టిగా ఉంటుంది, బొమ్మలో శక్తి అంతా కింది వైపు ఉంటుంది. ఇది వీటిలో పెద్ద పిట్ట, దాదాపు 18 నుంచి 20 సెంటీమీటర్లు. ముక్కు పొడవు. జమ్ము లోపలి నుంచి, కిక్కిస నుంచి వినిపిస్తుంది, గట్టు పొదల నుంచి నాకు ఒక్కసారీ వినబడలేదు. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అరుపు రెండు గులకరాళ్లు కొట్టినట్టు పొడిగా, గట్టిగా ఉంటుంది. అది గట్టు మీది తుమ్మ నుంచి, ముళ్ల పొదల నుంచి వస్తుంది. పేరులో "రీడ్" ఉందని దాన్ని జమ్ములో వెతికేవాళ్లకు దొరకదు. చలికాలంలో అది చెట్ల, పొదల పిట్ట. పాడీఫీల్డ్ వార్బ్లర్ అరుపు ఇంకొంచెం మెత్తన, అది జమ్ములో తక్కువ ఎత్తు నుంచి వస్తుంది. ఇక బ్లూత్రోట్ అనేది వార్బ్లరే కాదు, కానీ అదే జమ్ము అంచున, తడి నేల మీద నడుస్తూ "టక్" అంటుంది. దీన్ని వార్బ్లర్‌గా లెక్కేసుకునే ప్రమాదం అందరికీ ఉంది. ఎగిరేటప్పుడు తోక మొదట్లో రెండు వైపులా ఇటుక రంగు కనబడితే ఇక అనుమానం లేదు.

క్లిప్పులు ఎక్కువైపోవడంతో బర్డ్‌నెట్ వాడి చూశాను. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ల్యాబ్, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రోగ్రామ్ అది. శబ్దాన్ని మూడేసి సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు పేరు, నమ్మకం స్కోరు ఇస్తుంది. పాటలకు చాలా బాగా పనిచేస్తోంది. ఒంటరి "చెక్"లకు మాత్రం నేను దాని పేరును తీసుకోవడం లేదు. అది ఏ నిమిషంలో ఏదో అరిచిందని చూపిస్తే చాలు, పేరు నేను బొమ్మ చూసి, ఏ పట్టీలో పెట్టిన రికార్డర్ అన్నది చూసి రాస్తున్నాను. గంటల రికార్డింగులో వినాల్సిన చోట్లు వెతికిపెట్టడమే పెద్ద సాయం.

ప్రినియా, సిస్టికోలా అనే మరో రెండు చిన్న పిట్టల గురించి టెన్షన్ లేదు. ప్లెయిన్ ప్రినియా తన పొడవాటి తోకను ఆడిస్తూ జమ్ము అంచులో ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. చలికాలంలో దాని తోక ఇంకా పొడవవుతుంది, ఒంటి రంగు కాస్త ఎరుపు తిరుగుతుంది. జిట్టింగ్ సిస్టికోలా పొట్టి గడ్డి దాటి రాదు. పైకీ కిందికీ ఊగుతూ ఎగురుతూ ఒక్కో ఊపుకు ఒక "జిట్" అంటుంది.

డిసెంబరు: పాడీఫీల్డ్ వార్బ్లర్ కనబడింది

ఇప్పటిదాకా చెవికే తెలిసిన పిట్ట ఈ వారం కంటికి దొరికింది. నీళ్లు కొంచెం తగ్గి జమ్ము అడుగున ఒక బురద అంచు తేలింది. అక్కడ, కర్ర మొదటి పట్టీ కన్నా కింద, వంగిన ఎండు ఆకుల మీద అది దిగింది. కన్ను మీద తెల్లని కనుబొమ గీత ఉంది, అది కంటి వెనక వెడల్పయింది, దాని పైన సన్నని ముదురు గీత. ముక్కు పొట్టి, కొన నల్లన. తోకను మాటిమాటికీ పైకి విసురుతోంది. బ్లిత్స్ వార్బ్లర్‌కు కనుబొమ గీత కంటి దగ్గరే దాదాపు ఆగిపోతుంది, ముఖం చప్పగా ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన తలుచుకుంటే తేడా చాలా పెద్దది. కానీ జమ్ములో అవి పక్కపక్కన ఎప్పుడూ ఉండవు, చిక్కంతా అక్కడే.

పది గ్రాముల బరువుండే ఈ పిట్ట నల్లసముద్రం తీరం నుంచి మంగోలియా దాకా ఉన్న తడి నేలల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి దక్షిణాసియాకు వస్తుంది. దీన్ని శాస్త్రానికి పరిచయం చేసింది టి. సి. జెర్డాన్, 1845లో. ఆయన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన డాక్టర్. బైనాక్యులర్స్ లేని కాలంలో, గోధుమరంగు పిట్టల గుంపులోంచి ఇది వేరని గుర్తించడం ఎంత నిశితమైన చూపో ఈ నెలంతా జమ్ము ముందు కూర్చున్న నాకు తెలుస్తోంది. బ్లిత్స్ వార్బ్లర్‌ను వర్ణించిన ఎడ్వర్డ్ బ్లిత్ కూడా ఆ కాలపువాడే, కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునేవాడు. ఆయన వర్ణన 1849 నాటిది.

పటం మీద చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. క్లామరస్‌కు ఎరుపు, పాడీఫీల్డ్‌కు నీలం, బ్లిత్స్‌కు ఆకుపచ్చ. ఆకుపచ్చ చుక్కలన్నీ గట్టు మీదే. నీలం చుక్కలు జమ్ము అంచును పట్టుకుని ఒక తాడులా సాగాయి, నీటి నుంచి మీటరు దాటి పైకి పోలేదు. ఎరుపు చుక్కలు జమ్ము, కిక్కిస కలిసే చోట గుమిగూడాయి. ముందు అనుకున్న నాలుగు పట్టీల్లో నిజంగా ముఖ్యమైనవి పట్టీలు కావు, పట్టీలు కలిసే అంచులు. ఇక నుంచి కూర్చునే చోటు కూడా అంచుల ఎదురుగానే.

జనవరి: పేరు రాయకుండా ఉంచిన ఫోటో

చలి ఎక్కువగా ఉంది, పొగమంచులో పొద్దున్న పూట చూడడానికి ఏమీ లేదు. సాయంత్రాలు మాత్రం యెల్లో వాగ్‌టెయిల్స్ గుంపులుగా వచ్చి కిక్కిసలో నిద్రకు దిగుతున్నాయి, ఆ గోలలో రికార్డర్‌లో ఇంకేదీ వినబడదు. సాయంత్రపు రికార్డింగు ఈ నెలకు ఆపేశాను.

గట్టు పొదలో తీసిన ఒక ఫోటో నన్ను కొన్నాళ్లుగా పట్టుకుని ఉంది. చూడ్డానికి బ్లిత్స్ వార్బ్లరే, కానీ ముక్కు పొడవుగా ఉంది. కోణం వల్లనా, నిజంగానేనా అన్నది ఫోటో చెప్పదు. దాన్ని "అక్రోసెఫాలస్ (రీడ్ వార్బ్లర్ల ప్రజాతి), జాతి తెలియదు" అని రాసి పక్కన పెట్టాను. ఇలా రాయడానికి చాలామందికి మనసొప్పదు. కానీ ఈ కుటుంబం చరిత్రలో ఆ జాగ్రత్తకు గట్టి కారణం ఉంది.

1867లో బ్రిటిష్ అధికారి, పక్షుల పరిశోధకుడు ఎ. ఓ. హ్యూమ్ హిమాలయాల్లోని సట్లెజ్ లోయలో ఒక వార్బ్లర్‌ను సేకరించాడు. లార్జ్-బిల్డ్ రీడ్ వార్బ్లర్ అని పిలిచే ఆ జాతికి ఆధారంగా అదొక్క నమూనానే వందేళ్లకు పైగా మిగిలింది. ఏదో తేడా వచ్చిన మామూలు రీడ్ వార్బ్లర్ అయి ఉంటుందని కొందరు అనుమానించారు. 2002లో స్టాఫాన్ బెన్ష్, డేవిడ్ పియర్సన్ ఆ పాత నమూనా డీఎన్‌ఏ చూసి అది వేరే జాతేనని తేల్చారు. 2006 మార్చి 27న థాయ్‌లాండ్‌లో ఫిలిప్ రౌండ్ అనే పరిశోధకుడు పక్షుల కాళ్లకు గుర్తు రింగులు వేస్తుంటే వలలో ఒక వింత వార్బ్లర్ పడింది, అది ఈ జాతిదే అని డీఎన్‌ఏ చెప్పింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో వెతికితే, 1869లో ఉత్తర భారతంలో సేకరించిన ఇంకో నమూనా బ్లిత్స్ వార్బ్లర్ల సొరుగులోనే పడి ఉంది. తర్వాత అఫ్గానిస్తాన్‌లోని వాఖాన్ ప్రాంతంలో ఇవి పిల్లల్ని పెంచే చోటు దొరికింది.

దాదాపు నూట నలభై ఏళ్లు ఆ సొరుగు తెరిచినవాళ్లందరూ నిపుణులే. చేతిలో పట్టుకుని కొలిచే వీలున్నవాళ్లకే అది అందలేదంటే, పొదలో రెండు సెకన్లు చూసి రాసే నాకు "తెలియదు" అనే కాలమ్ తప్పదు. ఈ జాతుల్ని ఖాయంగా వేరు చేసేది రెక్క ఈకల లెక్క. ఏ ఈక ఎంత పొడవు, ఏ ఈక అంచు ఎక్కడ సన్నబడింది అన్నది చూడాలి. అది అనుమతి ఉన్న రింగింగ్ నిపుణుల పని, అది వాళ్ల చేతుల్లోనే ఉండాలి. నా పటంలో ఊదా రంగు చుక్కలంటే జాతి తెలియనివి. అవి కూడా గట్టు మీదివా, నీటిలోనివా అన్న సమాచారం ఇస్తూనే ఉన్నాయి.

ఫిబ్రవరి: కోత

జమ్ము కోసే మనుషులు వచ్చారు. అంచున కోత మొదలైంది. పనిలో పెద్దాయన నా రంగుల కర్ర చూసి ఆగాడు.

"ఇది మీరు పాతిందేనా బాబూ? కొలతకొచ్చారా?"

"కాదు పెద్దయ్యా, పిట్టల కోసం. లోపల ఎండు కాడల్లో చిన్న పిట్టలుంటాయి. అవి ఎంత ఎత్తులో తిరుగుతున్నాయో చూస్తున్నా."

"ఎండుదాంట్లో ఏముంటది? అది కోసేస్తేనే కదా కొత్తది బాగా లేస్తది."

ఆయన చెప్పింది నిజమే. అసలు కోయని పొద కొన్నేళ్లకు తన ఆకుల కిందే పూడిపోతుంది, నీళ్లు తగ్గి ముళ్ల చెట్లు లోపలికొస్తాయి. జమ్ము ఉండాలంటే కోత కావాలి. కానీ మొత్తం ఒకేసారి కోస్తే ఆ ఏడాది పిట్టలకు నిలబడడానికి కాడ ఉండదు. బోలు కాడల్లో, ఎండు ఆకు తొడుగుల్లో చలికాలం గడిపే పురుగులు, సాలీళ్లు వార్బ్లర్ల తిండి, అవీ పోతాయి. వేసవిలో గూడు మొదలుపెట్టే పిట్టకు కొత్త కాడ ఎదిగేదాకా పాత కాడే ఆధారం.

పటం తీసి చూపించాను. ఎరుపు చుక్కలు గుమిగూడిన మూల దగ్గర ఆయన వేలు పెట్టి, "ఇక్కడ లోతు ఎక్కువ, మేమెట్లాగూ దిగం" అన్నాడు. నీలం చుక్కల అంచు మాత్రం వాళ్లు కోసేదే. ఒక వైపు ఈ ఏడాది, ఇంకో వైపు వచ్చే ఏడాది కోయడానికి ఒప్పుకున్నాడు. "రెండేళ్లకోసారి కోస్తే కాడ గట్టిగా కూడా ఉంటది లెండి" అని తనే అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పిట్టల గురించి రాసిన పది పేజీల కన్నా ఆ రంగు చుక్కల కాగితమే ఆయనతో మాట్లాడింది.

కోసిన వైపు, కోయని వైపు రెండింటి ముందూ ఒక్కో కర్ర ఉంది. పోల్చి చూడడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

మార్చి, ఏప్రిల్: పాటలు

గొంతులు విప్పుకుంటున్నాయి. మొదట బ్లిత్స్ వార్బ్లర్. వెళ్లిపోయే ముందు గట్టు పొదల్లోంచి లోగొంతుతో పాడుతోంది. ఒక చిన్న పదాన్ని నాలుగైదు సార్లు చెప్పి, మధ్యలో రెండు "చెక్ చెక్"లు వేసి, తర్వాతి పదానికి పోతుంది. తొందర లేదు. వింటుంటే అందులో వేరే పిట్టల అరుపులు దొర్లుతున్నాయి. ఈ కుటుంబంలో ఇతర పక్షుల గొంతులు పట్టుకోవడం మామూలే, కానీ దాన్ని శిఖరానికి తీసుకెళ్లింది మార్ష్ వార్బ్లర్. బెల్జియంలో ఫ్రాన్స్వాజ్ డౌసెట్-లెమేర్ 1979లో ప్రచురించిన పరిశోధనలో, ముప్పై మగపిట్టల పాటల్లో 212 జాతుల పక్షుల గొంతులు గుర్తించింది. ఒక్కో మగపిట్ట సగటున 76 జాతులను అనుకరించింది. వాటిలో సగానికి పైగా ఆఫ్రికా పక్షులు. అంటే యూరప్‌లో ఒక పొదలో కూర్చుని ఆ పిట్ట తను చలికాలం గడిపిన దారిని వరసగా పాడి వినిపిస్తోంది. నా రికార్డింగుల్లోని బ్లిత్స్ పాటలోనూ ఎవరెవరి గొంతులున్నాయో విడదీయాలని ఉంది. అదే ఒక వేరే ప్రాజెక్టు.

క్లామరస్ మాత్రం లోగొంతుతో పాడడం ఎరగదు. కిక్కిస కొనకెక్కి, గొంతు ఉబ్బించి, నోటి లోపలి నారింజ ఎరుపు కనబడేలా "కర్ర కర్ర కరీట్ కరీట్" అని మడుగంతా వినబడేలా పాడుతోంది. కోత కోయని వైపు నుంచే పాడుతోంది. కోసిన వైపు ముందు పెట్టిన రికార్డర్‌లో అదే పాట దూరం నుంచి మసకగా పడుతోంది.

ఏప్రిల్ చివరికి నీలం చుక్కలు ఆగిపోయాయి. పాడీఫీల్డ్ వార్బ్లర్లు వెళ్లిపోయాయి. ఇంత చిన్న రెక్కలతో అంత దూరం ఎలా పోతాయో కొంతవరకు తెలిసింది ఈ మధ్యే. స్వీడన్ పరిశోధకులు గ్రేట్ రీడ్ వార్బ్లర్లకు ప్రయాణాన్ని నమోదు చేసే చిన్న లాగర్లు కట్టి 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మధ్యధరా సముద్రం, సహారా దాటేటప్పుడు అవి రాత్రి సగటున 2,400 మీటర్ల ఎత్తులో ఎగిరి, తెల్లవారేసరికి 5,400 మీటర్ల దాకా లేచాయి. ఎండలో ఒళ్లు వేడెక్కకుండా చల్లని గాలి వెతుక్కుంటున్నాయని వాళ్ల ఊహ. పొదలోంచి బయటికి రావడానికే జంకే కుటుంబం ఇది.

మే చివర, జూన్

పొద ఇప్పుడు ఉండిపోయినవాటిది. చారల గిజిగాళ్లు నీటి మీది జమ్ము ఆకుల కొనలు కొన్ని ఒకచోట కలిపి కట్టి గూళ్లు మొదలుపెట్టాయి. చెట్టుకు పొడవాటి గొట్టంతో వేలాడే మామూలు గిజిగాడి గూటికీ దీనికీ పోలిక తక్కువ, ఇది గుండ్రంగా, పొట్టిగా ఉంది.

క్లామరస్ జంట కోయని వైపు కిక్కిసలో గూడు కట్టింది. నాలుగైదు నిలువు కాడలను కలుపుతూ తడి ఆకు పీలికలు చుట్టి, లోతైన గిన్నెలా అల్లింది. ఆ లోతుకు కారణం ఉంది. గాలికి కాడలు ఒక వైపు పూర్తిగా వాలినా గుడ్లు దొర్లవు. కాడలు పాతవే. పక్కన పచ్చివి ఇంకా గూటి ఎత్తుకు రాలేదు. గట్టు నుంచే చూస్తున్నాను, దగ్గరకు పోవడం లేదు.

ఒక కోయిల జాతి పిట్ట ఆ చుట్టుపక్కల తిరుగుతుంటే మనసు ఆగడం లేదు. ఇంగ్లండ్‌లోని వికెన్ ఫెన్ అనే చిత్తడి నేలలో నిక్ డేవిస్ దశాబ్దాల పాటు రీడ్ వార్బ్లర్లనూ వాటి గూళ్లలో గుడ్లు పెట్టే కక్కూలనూ చూశాడు. ఆయన బృందం 1998లో చూపించింది ఏమిటంటే, ఒంటరి కక్కూ పిల్ల గూటి నిండా ఉన్న వార్బ్లర్ పిల్లలన్నీ కలిసి అరిచినంత వేగంగా అరుస్తుంది. తన పెద్ద నోటితో తీరని లెక్కను గొంతుతో తీర్చి, పెంచే వార్బ్లర్లతో నాలుగు పిల్లలకు తెచ్చినంత తిండి తెప్పించుకుంటుంది. ఇక్కడి గూట్లో ఏముందో తెలుసుకోవాలని ఉన్నా, పొద తొలిచి చూసే ఉద్దేశం లేదు. పిల్లలు అరవడం మొదలుపెడితే రికార్డర్ చెబుతుంది.

ఆ రికార్డర్‌ను గూటికి ఎదుటి గట్టుకు మార్చాను, కార్డు తీయడానికి పోయినప్పుడు అలికిడి కాకుండా. గూడు పక్కన ఉన్న కర్ర మీద నీటిమట్టాన్ని బైనాక్యులర్స్‌తో చదువుతున్నాను. గూటి అడుగుకూ నీటికీ మధ్య ఇప్పటికి రెండు పట్టీల దూరం ఉంది. వానలు పడ్డాక ఆ దూరం ఎంత తగ్గుతుందో ప్రతి వారం రాయాలి. కోసిన వైపు కాడలు ఎంత ఎత్తు లేచాయో అదే రోజు, అదే పేజీలో.